ఒకే డబ్బా మాత్రలు, మూడు రకాల కీళ్ల జబ్బులు

ఆ రోజు పొద్దున జొన్నపిండి నా చేతికి లొంగలేదు. బొంతపల్లి పోయే రోడ్డు మీద, ఒక మందుల కంపెనీ గేటుకు ఎదురుగా నాది జొన్నరొట్టెల బండి. రొట్టె కొట్టాలంటే అరచేయి ఒక్కటే చాలదు. వేళ్లన్నీ చాపి, పిండిని తిప్పుతూ కొట్టాలి. ఆ రోజు వేళ్లు సాగలేదు. రొట్టె నడిమికి పగిలింది. ఇంకోటి మొదలుపెట్టాను, అదీ పగిలింది. నీళ్లు సరిగా మరగలేదేమో అనుకున్నాను. నా కోడలు రేణుక అదే పిండి తీసుకుని కొడితే అంచు చెదరకుండా వచ్చింది. తప్పు పిండిది కాదని అప్పుడు తెలిసింది.

వానాకాలం మొదలైన వారం అది. రెండు చేతులకూ చూపుడు వేలు, నడిమి వేలు మొదళ్ల దగ్గర వాచాయి. నాకు ఏదైనా కచ్చితంగా చూసుకునే అలవాటు ఉంది. ఆరింటికి కంపెనీ సైరన్ మోగితే లేస్తాను. ఎనిమిదింటికి జనరల్ షిఫ్ట్ బస్సులు గేటు లోపలికి పోతాయి. ఆ బస్సులు పోయేదాకా నా పిడికిలి పూర్తిగా విచ్చుకునేది కాదు. రోజూ అంతే, ఒక్క రోజు కూడా ముందు కాలేదు.

ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గరికి పోయాను. ఆయన నా చేతులు ముట్టుకోనేలేదు. "వయసు పెద్దమ్మా. మోటర్ బేరింగులు అరుగుతలేవా? గివి గూడ గంతే," అని సూది వేసి పంపాడు. పటాన్‌చెరులో ఒక డాక్టర్ దగ్గరికి పోతే మోకాళ్లకు ఎక్స్‌రే తీయించాడు. నొప్పి చేతుల్లో అని రెండుసార్లు చెప్పాను. "ఆస్టియో ఆర్థరైటిస్. అరుగుదల. ఈ వయసులో మామూలే," అన్నాడు. నా మోకాళ్లలో కొంత అరుగుదల ఉన్నమాట నిజమే. ఆయన లేని రోగం చెప్పలేదు. ఉన్న రోగాన్ని చూడలేదు.

సాయంత్రం బండి దగ్గర మేం ముగ్గురం కూర్చునేవాళ్లం. నేను, మోకాళ్ల నొప్పితో కుంటే మా అక్క లక్ష్మమ్మ, పక్కింటి యాదయ్య. యాదయ్య అదే కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసి దిగిపోయినవాడు. ఆయనకు ఉండుండి కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా అరిచేవాడు. ముగ్గురం ఒకటే మాట అనుకునేవాళ్లం, కీళ్ల నొప్పులు అని. పేరు ఒకటే గనుక మందూ ఒకటే అనుకున్నాం.

ఆ మందు మా అక్క అల్లుడు మల్లేశం తెచ్చాడు. ఆ కంపెనీలోనే ప్యాకింగ్ సెక్షన్‌లో పని అతనికి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో విడి మాత్రలు, స్ట్రిప్ లేదు, పేరు లేదు.

"చిన్నత్తమ్మా, గివి బయటి దేశాలకు పోయే మందులు. మనకాడనే తయారైతయి. పరేషాన్ గాకు, ఏస్కో," అన్నాడు.

మా దిక్కు కంపెనీలో పనిచేసే మనిషి ఉన్న ఇళ్లలో ఇట్లాంటి డబ్బాలు ఉంటాయి. మాత్ర ఎట్లా తయారవుతుందో చూసినవాళ్లు అది ఎవరికి ఎందుకో కూడా తెలుసనుకుంటారు.

మూడు రోజుల్లో నా పిడికిలి విచ్చుకుంది. మళ్లీ రొట్టెలు కొట్టాను. అక్క మెట్లు దిగింది. యాదయ్య చెప్పు తొడుక్కుని వచ్చి, "మల్లేశం ఇట్లనే జేస్తే డాక్టర్లందరు ప్యాకింగుల చేరాలె వదినా," అని నవ్వాడు. మేమూ నవ్వాం.

ఏడాదిన్నర ఆ మాత్రలే మింగాం, డబ్బా ఖాళీ అయినప్పుడల్లా మల్లేశం నింపేవాడు. నా ముఖం గుండ్రంగా నిండింది. "అత్తమ్మా, మంచిగైనవ్," అంది రేణుక. దాహం ఎక్కువైంది, ఎండల వల్ల అనుకున్నాను. ఆ లోపల నా వేళ్లు కొద్దికొద్దిగా చిటికెన వేలు వైపు ఒరుగుతున్నాయి. నొప్పి లేదు గనుక నేను పట్టించుకోలేదు. తర్వాత మల్లేశాన్ని వేరే సెక్షన్‌కు మార్చారు, డబ్బా ఖాళీ అయింది. వారం తిరగకముందే మంచం మీది నుంచి లేవలేకపోయాను. కళ్లు తిరిగి పడిపోతే రేణుక ఆటోలో సంగారెడ్డి ఆస్పత్రికి తీసుకుపోయింది.

అక్కడి డాక్టరమ్మ నా వేలి కణుపులు ఒక్కొక్కటీ నొక్కి చూసింది. తర్వాత, "పొద్దున లేచాక చేతులు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయి?" అని అడిగింది. అప్పటిదాకా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.

"ఆరింటి సైరన్ నుంచి ఎనిమిదింటి బస్సులదాక," అన్నాను.

"రెండు గంటలు! అరుగుదలలో ఇంతసేపు ఉండదమ్మా."

ఆర్.ఏ. ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈ.ఎస్.ఆర్. అనే రక్తపరీక్షలు, చేతుల ఎక్స్‌రే రాసింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. షుగర్ కూడా బయటపడింది. "ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్ల మీద పడి తింటుంది. మొదట్లోనే వచ్చి ఉంటే ఈ వంకర చాలావరకు ఆగేది," అంది. ఖాళీ డబ్బా చూపిస్తే అటూ ఇటూ తిప్పింది. "పేరు లేని మాత్ర గురించి నేనేం చెప్పను? మీ ముఖం, షుగర్ చూస్తే స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. అది వాపును దాచింది, రోగాన్ని ఆపలేదు. ఒక్కసారే మానడం ఇంకా ప్రమాదం."

మిగిలిన ఇద్దరినీ నేనే ఆమె దగ్గరికి తీసుకుపోయాను. అక్కది నిజంగా అరుగుదలే. పొద్దున చాయ తాగేలోపు బిగువు పోతుంది, నడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది. తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం చెప్పారు. యాదయ్యది గౌట్. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీలులో పేరుకునే జబ్బు. కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ చాలా ఎక్కువ ఉందని డాక్టరమ్మ రిపోర్టు మీద గీత గీసి చూపింది. ఆ డబ్బాలో నొప్పి మాత్రలు కూడా కలిసి ఉండవచ్చని, అవి కిడ్నీలను దెబ్బతీసి ఉంటాయని చెప్పింది. యాదయ్య ఇప్పుడు డయాలసిస్ మీద ఉన్నాడు. జోకులు మానేశాడు.

నాకు రోగాన్ని అదుపు చేసే మెథోట్రెక్సేట్ మాత్ర రాశారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని రేణుకతో మూడుసార్లు చెప్పించుకున్నారు. నాది ఆదివారం. సోమవారమంతా వికారం. నడుమ లివర్ టెస్ట్ తేడా వచ్చి మందు ఆపితే వాపు మొత్తం తిరిగొచ్చింది. తగ్గించిన డోసుతో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు వాపు లేదు. వంకర మాత్రం పోదు.

ఇప్పుడు రొట్టెలు రేణుక కొడుతుంది. నేను పెనం దగ్గర కూర్చుని తిప్పుతాను. "అవ్వా, మునుపటి రొట్టె గాదిది," అంటారు పాత గిరాకీలు. నాకు తెలుసు.

పోయిన నెల మల్లేశం బండి దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు మళ్లీ ప్యాకింగ్‌లోనే ఉన్నాడు. రొట్టె తింటున్న ఒక బిహార్ పిల్లగాడు మోకాలు పట్టుకుని లేవడం చూసి మాత్రల కోసం జేబులో చెయ్యి పెట్టాడు. నేను నా కుడిచెయ్యి పెనం పక్కన బల్ల మీద పెట్టాను. వేళ్లన్నీ ఒక పక్కకు వాలి ఉన్నాయి.

"మల్లేశం, దీన్ని జూసుకుంట ఇయ్యి," అన్నాను.

"నేను మంచికే గద చిన్నత్తమ్మా తెచ్చింది," అన్నాడు. నేను నా చెయ్యి అక్కడే ఉంచాను. అతను జేబులోంచి చెయ్యి తీశాడు, ఖాళీగా. రేపు ఇంకో బండి దగ్గర మాత్రలు తీయడని నాకు నమ్మకం లేదు.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. పేరు లేని మాత్ర ఎవరిచ్చినా మింగకండి. పొద్దున లేచాక కీళ్లు ఎంతసేపు బిగుసుకుంటున్నాయో, ఏ కీళ్లో, నొప్పి రెండు పక్కలా ఉందో లేదో చూసుకుని, డాక్టర్ ముందు కూర్చోగానే అదే చెప్పండి. అడిగేదాకా ఆగకండి. నా దగ్గర ఆ లెక్క మొదటి రోజు నుంచీ సరిగ్గానే ఉంది. అడిగే మనిషి దొరికేసరికి వేళ్లు వాలిపోయాయి.