కొంగు చాటు ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కలారా, మీరంతా నన్ను ఇరవై ఏళ్లుగా ఎరుగుదురు గానీ నా నవ్వు మాత్రం మీలో ఎవరూ చూసి ఉండరు, ఎందుకంటే నేను మర్రిగూడ బోరు నీళ్లు తాగి పెరిగినదాన్ని, ఆ నీళ్లలోని ఫ్లోరైడుకు నా పళ్లు గార పట్టి గోధుమరంగు చారలు తేలాయి, ఎంత తోమినా పోలేదు! బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు సైతం "ఆడమనిషివై గుట్కా తింటవా అమ్మా?" అని అడిగేవారు. పెళ్లిచూపుల రోజు మా అమ్మ "నవ్వకు బిడ్డా, జర కొంగు అడ్డం వెట్టుకో" అంది, అప్పుడు పెట్టుకున్న కొంగు నేను మళ్లీ దించలేదు.

సిగ్గు ఒక్కటే అయితే సాక్ష్యం చెప్పే పనే లేదు, నాకు దేవుని మీద కోపం ఉండేది! "ప్రభువా, దూపైతే నీళ్లే కదా తాగినం, మేం జేసిన తప్పేంది?" అని లోపల అడిగి అడిగి, జవాబు రాక, బిగ్గరగా ప్రార్థించడమే మానేశాను. మన సంఘం ఆడవాళ్ల కూటమి అయిన స్త్రీల మైత్రికి కార్యదర్శిని, కూడికలన్నీ ఏర్పాటు చేస్తాను, ప్రార్థన వంతు వస్తే మాత్రం పక్కవారి మీదికి తోసేస్తాను. ఇది మీకూ తెలుసు.

అలాంటి నన్ను, ఇంగ్లండులో జరిగే ఆంగ్లికన్ సంఘాల నాయకుల అంతర్జాతీయ కూడికకు పల్లె సంఘాల తరఫున మన బిషప్ గారు, ఆయన భార్య అమ్మగారు వెంటబెట్టుకుని వెళ్లారు. వెళ్లాక తెలిసింది, మూడో రోజు ఉదయపు ఆరాధనలో నేను తెలుగులో ప్రార్థన చేయాలట! "ప్రభువా, నాకు జరమన్నా రానీయి" అని వేడుకున్నాను, నిజం చెబుతున్నాను, నవ్వకండి. జ్వరం రాలేదు.

ముందు రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, కెన్యా నుంచి వచ్చిన ఒక బిషప్ గారి భార్య, ఎస్తేరు అనే పెద్దావిడ, నా ఎదురుగా కూర్చుంది. ఏదో మాటకు తల వెనక్కి వేసి నవ్వింది, చూస్తే నోటినిండా గార పళ్లు! నేనేమనుకున్నానో తెలుసా? "బిషప్ గారి భార్య అయ్యుండి జర్దా నములుతుందా!" అనుకున్నాను. కొంగు చాటున నా నోటినిండా అవే పళ్లు పెట్టుకుని ఆ మాట అనుకున్నాను సహోదరులారా!

తినేటప్పుడు నా కొంగు తొలగడం ఆమె చూసినట్టుంది, వేలితో తన పై పెదవి ఎత్తి చూపిస్తూ ఏదో అడిగింది. "మీ ఊళ్లోనూ మా ఊరి లాంటి నీళ్లేనా అని అడుగుతున్నారు" అని పక్కనే కూర్చున్న అమ్మగారు తెలుగులో చెప్పారు.

నాకు దుఃఖం ఆగలేదు. ఇన్నేళ్లూ జనం నాకు చేసిన అవమానం నేను ఆమెకు ఒక్క క్షణంలో చేశాను. చేయి పట్టుకుని, అనుకున్నదంతా ఒప్పుకున్నాను. తర్జుమా చేయడానికి అమ్మగారు వెనకాడితే, "చెప్పుండ్రి అమ్మగారూ, ఉన్నదున్నట్టు చెప్పుండ్రి" అన్నాను. ఎస్తేరమ్మ విని, నన్ను దగ్గరికి తీసుకుని, "నువ్వు నోరు కప్పుకుంటే మాతో మాట్లాడటం ఇష్టం లేదనుకున్నాను" అందట. ఆ మాట నన్ను పట్టుకుంది. దేవునితో కూడా నేను చేసింది అదే కదా!

మర్నాడు మైకు ముందు కొంగు దించాను. రాసుకున్న ప్రార్థన మరిచిపోయాను, మన మాటల్లోనే వచ్చింది: "దేవా, ఇన్నేండ్లు నీతోని అలిగిన, నన్ను మాఫ్ జెయ్యి. మర్రిగూడ పిల్లలకు ఇచ్చినట్టే ఎస్తేరమ్మ ఊరి పిల్లలకు గూడ మంచినీళ్లియ్యి." ఎస్తేరమ్మ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది! దేవునికే మహిమ!

నా పళ్లు తెల్లబడలేదు, చూడండి, ఇవే! బోర్లు పోయి మన పల్లెలకు నల్లా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు బాగుంటున్నాయి, అందుకు స్తోత్రం. అంతకు ముందే పుట్టి, వెనక వరుసలో రుమాలు అడ్డం పెట్టుకుని పాడే చెల్లెళ్లారా, మీరు నాకు కనబడుతున్నారు. ఆయనను నమ్మండి, ఆయన మీ నోరు చూసి మొహం తిప్పుకునేవాడు కాడు. నాకు సగం జీవితం పట్టింది, మీకు అంత పట్టనక్కర్లేదు. ఇప్పుడు చివరి పాట పాడబోతున్నాం, రుమాళ్లు ఒడిలో పెట్టండి, నేను మొదలుపెడతాను.