సుమనదాస తాడు పట్టిన రోజు

సుమనదాసకి కుళ్ళు. ఈ మాట అతని ముందే అంటాను, వెనకాల దాచుకోను. ముప్పై ఏళ్ళుగా మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. మా దిగవెల్ల తీరాన, సముద్రంలో వేసిన అలివి వలని తాళ్ళతో ఒడ్డుకి లాగేటప్పుడు పాట ఎత్తేది అతనే. అతను ఒక చరణం అంటే నలభై మంది ‘హొయ్యా’ అని తాడు లాగేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళ గుట్టంతా ఆ చరణాల్లోనే బయటపడేది. ఓసారి నా టీకొట్టులో ఆప్పాలు మాడాయని పాట కట్టాడు. వారం రోజులు నా కొట్టు ముందు అందరూ అదే పాడారు.

మూడేళ్ళ కిందట అతని బావమరిది విల్బర్ట్, అతని దగ్గరే పాట నేర్చుకున్నవాడు, గుట్ట అవతలి పుంచివెల్లలో చిన్న వల వేశాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. దిగవెల్ల ఇసకంతా ఇప్పుడు గొడుగులూ, పడుకునే కుర్చీలే. వల లాగాలంటే ముందు తెల్ల టూరిస్టులని లేపాలి. పుంచివెల్లకి ఆ గొడవ లేదు. రెండు రాతి గుట్టల మధ్య చారెడు ఇసక, అలలు కూడా అక్కడ మెల్లగా వస్తాయి. లాగేవాళ్ళు ఒక్కొక్కరే అటు నడిచారు. నేనూ నడిచాను. తాడు మీద చెయ్యి వేసిన ఎవరికైనా చేపల్లో వాటా ఇవ్వడం మా ఆనవాయితీ.

సుమనదాస అదంతా ఓర్చుకున్నాడు. మాగిలిన్ అవ్వ అటు వెళ్ళడం మాత్రం ఓర్చుకోలేకపోయాడు. ఆవిడ తాడు పట్టదు, చేపలు తినదు. అతని పాట వినడానికే రోజూ వచ్చి ఇసకలో కూచునేది. ఆవిడ కర్ర పొడుచుకుంటూ గుట్ట ఎక్కిందని తెలిసిన రోజు అతను అన్నం ముట్టలేదు. ఆ తర్వాత గాలి అటునుంచి వీస్తే చాలు, లోపలికి పోయి రేడియో గట్టిగా పెట్టేవాడు. నా కొట్టుకొచ్చి, విల్బర్ట్ గొంతు ఇంకా బొంగురుగానే ఉందా అని ఆరా తీసేవాడు. బాగుందన్నానంటే ఇక టీలో చక్కెర తక్కువైందని నా మీద విరుచుకుపడేవాడు. అతని భార్య సోమలత, విల్బర్ట్‌కి సొంత అక్క, ఎవరి పక్షమూ మాట్లాడేది కాదు.

మొన్న వారం పాటు సముద్రం పొంగి ఎవరింట్లోనూ చేపముక్క లేదు. ఎనిమిదో పొద్దున పుంచివెల్ల నీళ్ళలో కానాగంత చేపల గుంపు నల్లగా కనబడింది. వల పడింది. లాగుతూ తలెత్తేసరికి గుట్ట మీద సుమనదాస ఉన్నాడు. అందరం చూసీ చూడనట్టు ఊరుకున్నాం. అతను కిందికి దిగాడు, లుంగీ ఎగ్గట్టాడు, సరిగ్గా నా వెనక తాడు పట్టుకున్నాడు. అన్నేళ్ళలో అతను తాడు పట్టగా నేను చూడలేదు.

వలకి రెండు తాళ్ళు. ఇటు పదిహేను మంది, అవతలి కొసన పదిహేను మంది. రెండువైపులా ఒకే ఊపున లాగాలి, అందుకే పాట. మధ్యలో నిలబడి విల్బర్ట్ పాడుతున్నాడు. ఎవరింటి కొత్త కోడలికో కొబ్బరి కోరడం రాదట, అదీ ఆ రోజు చరణం. మాగిలిన్ అవ్వ బోసినోటితో పకపకా నవ్వింది. నా వెనక సుమనదాస పళ్ళు కొరికిన చప్పుడు వినబడింది.

విల్బర్ట్ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అంతే, సుమనదాస ఎత్తుకున్నాడు. ఎంత గొంతో అది, నా చేతులు నన్ను అడక్కుండానే లాగేశాయి. మా పదిహేను మందిమీ అతనికే ‘హొయ్యా’ అన్నాం. అవ్వ ఇటు తిరిగి నోరు తెరిచింది. అది చూసి అతను వేగం ఇంకా పెంచాడు. అవతలి కొసన వాళ్ళకి అలల హోరులో ఇదేమీ వినబడక పాత ఊపులోనే లాగుతున్నారు. మా వైపు తాడు ముందుకొచ్చేసింది. వల వంకర తిరిగి, దాని అడుగు అంచు ఇసక మీంచి లేచింది. విల్బర్ట్ ఆగమని చేతులూపుతూనే ఉన్నాడు. చూశాను. అయినా లాగాను, ఆ తప్పు నాది కూడా.

వల ఒడ్డుకొచ్చేసరికి అందులో నాలుగు దోసిళ్ళ నెత్తళ్ళు మిగిలాయి. కానాగంతల గుంపంతా వల కిందనుంచి పోయింది. ఎవరూ తిట్టలేదు. విల్బర్ట్ దగ్గరికొచ్చి, “నీ గొంతు ముందు నాదెంత, బావా. అవతలి వాళ్ళు కూడా మనవాళ్ళే కదా, వాళ్ళకోసం కాస్త ఆగాల్సింది” అన్నాడు. ఉన్న నెత్తళ్ళలోనే వాటా తీసి ఇవ్వబోతే సుమనదాస చెయ్యి చాపలేదు. గుట్టెక్కి పోతున్నప్పుడు అతని నడకలో గెలిచిన విసురుంది. నాకు ఒళ్ళు మండింది.

అతనికంటే ముందే కబురు ఇల్లు చేరింది. మధ్యాహ్నం గోడ అవతల కంచం పెట్టిన చప్పుడు, వెంటనే అతని మాట.

“వాడు పాడుతుండగానే అవ్వ నా వైపు తిరిగింది, తెలుసా? నోరారా నవ్వింది.”

 అతను కూరేదని అడిగితే సోమలత, ఈ పూట ముప్పై ఇళ్ళలో ఉత్తన్నమూ కొబ్బరి కారమేనని, కావాలంటే నీ పాట నంచుకు తినమని చెప్పింది. అతను రెండు ముద్దలు తిన్నాడు. మళ్ళీ అవ్వ నవ్వు సంగతే ఎత్తాడు.

“నవ్వలేదు” అంది సోమలత. “చేపలు పోతున్నాయిరా, ఆ నోరు ముయ్యి అని అరిచిందంట. నువ్వు పాడుతున్నావు కదా, నీకు వినబడలేదు.”