గన్నేరు పురుగులు

గుంటూరు వదిలొచ్చి నాంపల్లిలో అద్దెకున్న నాగరత్నం, పొద్దుండగానే సందెపూజకు గన్నేరుపూలు కోస్తుంది. కోస్తూనే ఆకుల మీది లావుపాటి పచ్చపురుగుల్ని జడపిన్నుతో ఏరి కిరసనాయిలు డబ్బాలో పడేస్తుంది. "పాడు పురుగులు! దేవుడి చెట్టంతా మేసేస్తున్నాయి" అని తిట్టుకుంటుంది. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని దీపం పెడుతుంది.

ఆ సాయంత్రం దీపం వెలిగించగానే, మఖమల్‌లాంటి ఆకుపచ్చ రెక్కల మీద గులాబీ చారలున్న పెద్ద రెక్కలపురుగొకటి వచ్చి శివుడి పటం మీద వాలింది. ఆవిడ ఒళ్లు పులకరించింది. "విమలగారూ, రండి! స్వామి మా ఇంటికొచ్చాడు" అని ఇంటామెను కేకేసి, చేతులు జోడించింది.

విమల తొంగిచూసి నవ్వింది. "గిదా? గన్నేరు మీది పచ్చపురుగులే పెద్దగై గిట్లయితయమ్మా. నువ్వు రోజు డబ్బల ఏస్తున్నవు గద, గవే."

నాగరత్నం జోడించిన చేతులు విప్పలేకపోయింది. సబ్బుతో కడిగిన వేళ్లే, ముక్కు దగ్గర ఇంకా కిరసనాయిలు వాసన వేస్తున్నాయి.