బతూల్ గుమ్మంలో రక్తపరీక్ష

మా ఫెజ్ ఊరి కుమ్మరివాడలో బతూల్ చేతి పూతకు పేరుంది. సీసపు పొడి కలిపిన ఆ మెరుపు పూతను ముప్పై ఏళ్లు తన ఇంట్లోనే కుండలకు వేసింది. ఆ నేల మీదే ఆమె మనవరాలు వియామ్ పాకింది. ఆరేళ్లొచ్చినా నాలుగేళ్లదానిలా ఉండేది. కడుపునొప్పంటూ ముడుచుకునేది. గోడ గీకి సున్నం తినేది.

ఆసుపత్రిలో రక్తం తీశారు. నర్సు హనాన్ మెల్లగా చెప్పింది.

"అవ్వా, పిల్ల ఒంట్లో సీసం ఎక్కువైంది. ఇనుము, కాల్షియం బాగా తక్కువ. అవి తక్కువైన ఒంట్లోకి సీసం ఇంకా తేలిగ్గా దూరిపోతుంది."

"దాని ఒంట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

హనాన్ బతూల్ చెయ్యి తిప్పి, గోళ్ల సందుల్లోని బూడిదరంగు పొడిని చూపించింది.

ఆ సాయంత్రం బతూల్ ఏడుపు పక్కింట్లో ఉన్న నాకు వినిపించింది. మర్నాడు పూతతొట్టి బయటికి ఈడ్పించి, తడిగుడ్డతో ఇల్లంతా తుడిచింది. తర్వాత, నర్సు తన గుమ్మంలోకే వస్తుందనీ పిల్లలందరికీ పరీక్ష చేయించాలనీ వాడలో ఇంటింటికీ చెప్పి తిరిగింది. కుమ్మరుల పెద్ద సి లహ్సెన్ ఆమె గుమ్మంలోకే వచ్చాడు.

"ఈ మాట బజారుకెక్కితే మన కుండ ఎవరు కొంటారు, బతూల్?"

"వండుకోడానికి కొనొద్దనే చెబుతున్నా, అయ్యా."

"మీ నాన్న ఈ పూత మీదే బతికాడు."

"బతికాడు. నలుగురు పిల్లల్ని పాతిపెట్టాడు కూడా. ఎందుకు పోయారని ఎవరూ అడగలేదు. నేను అడుగుతున్నా."

"రేపట్నుంచి కుండలు కాల్చే మన ఆవంలో నీకు చోటుండదు."

"ఉండకపోతే మానె. నర్సు మాత్రం వస్తుంది."

శుక్రవారం మధ్యాహ్నం గుమ్మంలో చాప పరిచింది. హనాన్ సూదులు సర్దుకుంది. గంట గడిచినా ఎవరూ రాలేదు. బతూల్ చెయ్యి చాపి, "ముందు నాది తియ్యి. అందరూ చూడనీ," అంది. కిటికీలోంచి చూస్తున్న నాకు సిగ్గేసింది. నా ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వెళ్లాను. తర్వాత మరో తల్లి వచ్చింది, ఆమె వెనక ఇంకొందరు. చివరికి సి లహ్సెన్ కోడలు చంకలో బిడ్డతో వచ్చింది. సందు మొదట్లో నిలబడ్డ మామ వైపు తలతిప్పలేదు.

ఇరవైముగ్గురిలో పదిహేడుమందికి సీసం ఎక్కువ. వాళ్లలో చాలామందికి ఇనుము తక్కువ. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదని, రొట్టెతోపాటు పిల్లలకు అది పొయ్యడం మానమంది హనాన్. పప్పు, చేపలు, పాలు, నారింజలు పెట్టమంది. పొడి పని ఇంట్లో చెయ్యొద్దంది.

ఆవంలో చోటు మాత్రం మళ్లీ దొరకలేదు. బతూల్ గాడిద మీద కుండలు గుట్ట అవతలి ఆవానికి తోలుకెళ్లింది. సీసం లేని పూత మొదట్లో మసకగా వచ్చేది. బేరగాళ్లు మూతి విరిస్తే, "మెరుపు కావాలంటే అద్దం కొనుక్కోండి," అనేది. మరో నాలుగిళ్లవాళ్లు ఆ పూతే వెయ్యడం మొదలెట్టారు.

ఏడాదిన్నరకు వియామ్ రక్తంలో సీసం సగానికి తగ్గింది. సీసం వల్ల పోయిన చురుకంతా తిరిగి రాకపోవచ్చని హనాన్ దాచకుండా చెప్పింది. నిన్నటి పాఠం ఆ పిల్లకు ఇప్పటికీ జారిపోతుంది. మనవరాలిని చివరి బెంచీలో కూర్చోబెట్టిన పంతులమ్మ దగ్గరికి బతూల్ నేరుగా వెళ్లి, పిల్లను ముందు వరుసలో కూర్చోబెట్టింది.

"పదిసార్లు చెప్పు తల్లీ. పదకొండోసారి కావాలంటే అదీ చెప్పు. ఇది ఇక్కణ్ణుంచి లేవదు."