చేత్తో ఇచ్చిన అనుమతి

ఇన్నేళ్లయినా ఫోన్‌లో ఆ పేరు కనిపిస్తే వెంటనే ఎత్తలేను. అతన్ని రమణ అందాం. అతనికి నేను చేసింది నా భార్యకి కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

ఈ పరాయి దేశంలో, క్లాండాల్కిన్ అనే చోట, రోగులకు మందు ఎక్కించే పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇద్దరం పనిచేసేవాళ్లం. పంపులను పరీక్షించే యంత్రాన్ని నడిపే లినక్స్ అనే సిస్టం ఉన్న కంప్యూటర్ బాధ్యత నాది. కంప్యూటర్ ఆ యంత్రంతో మాట్లాడేది ఒక ఫైలు ద్వారా; అది డిస్క్ మీద ఉండదు. కంప్యూటర్ లేచిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. దాన్ని వాడుకోనివ్వడానికి చేత్తో ఇచ్చిన అనుమతి రీస్టార్ట్ చేస్తే పోతుంది. నిలవాలంటే, ప్రతిసారీ అనుమతి దానంతటదే వచ్చేలా కంప్యూటర్‌లో ఒక రూల్ రాసిపెట్టాలి. రాశానని మేనేజరుకి చెప్పాను. రాయలేదు. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

అప్పటినుంచి కొన్ని ఉదయాలు యంత్రం పలికేది కాదు. నేను వెళ్లి, ఎవరూ చూడకుండా మళ్లీ అనుమతి ఇచ్చి వచ్చేవాణ్ణి. ఆ యంత్రం మీద రమణ పనిచేసిన షిఫ్టు తర్వాతే ఇలా జరుగుతోందని మేనేజరు కనిపెట్టాడు. ఎవరో కావాలని సెట్టింగులు మారుస్తున్నారన్నాడు. ఆ తర్వాతా నేను చాటుగా అనుమతి ఇస్తూనే ఉన్నాను.

ఇద్దరం ఆ పక్కనే లూకన్‌లో ఉండేవాళ్లం, ఒకే కారులో పనికి వెళ్లేవాళ్లం. ఒకరోజు కారులో రమణే అడిగాడు.

"అన్నా, అందరూ నన్ను అదోలా చూస్తున్నరు. నేనైతే పనయినంక సిస్టం రీస్టార్ట్ చేసి వస్తున్న, అంతే. ఏమైతుందో నీకేమన్న తెలుసా?"

అక్కడే చెప్పేయాల్సింది. అతని మాటలోనే జవాబుంది.

"నాకేం తెలుసు రమణా. ఎందుకైనా మంచిది, నువ్వు రీస్టార్ట్ చేయడం మానెయ్."

"సరే అన్నా."

మానేశాడు. ఇబ్బంది ఆగిపోయింది. తనమీద కన్ను పడిందని తెలిసి జాగ్రత్తపడ్డాడని అందరూ నమ్మారు. ఆ సలహా అతన్ని కాపాడటానికి ఇచ్చానా, నన్ను నేను కాపాడుకోవడానికా? మొదటిదే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదే నిజమైతే, అతని కాంట్రాక్టు పొడిగించని రోజున మేనేజరు గదిలోకి ఎందుకు వెళ్లలేదు? అతను డెస్క్ ఖాళీ చేస్తుంటే, ఆ రూల్ గబగబా ఎందుకు రాశాను?

చదువుకుంటున్న పిల్లను బడి మధ్యలో మాన్పించి రమణ వాళ్లు దూరంగా డ్రోహెడా అనే ఊరికి వెళ్లిపోయారు. రమణకి అక్కడ వేరే ఉద్యోగం దొరికింది, అదీ లినక్స్ మీదే. అంటే అప్పుడు అసలేం జరిగిందో ఈపాటికి అతనికి అర్థమై ఉండాలి. పండగలకి ఫోన్ చేస్తాడు. "అన్నా, బాగున్నవా?" అంటాడు. ఆ మాట వెనక ఏముందో అని వెతుకుతాను. మొన్న ఎవరింట్లోనో భోజనాల దగ్గర అతని భార్య నాకు వడ్డించకుండా పక్కకి వెళ్లింది. ఆమె చూసుకోలేదా? రమణ చెప్పాడా? ఒకప్పుడు అతన్ని అందరూ అనుమానించారు. ఇప్పుడు వాళ్లు నవ్వినా, నవ్వకపోయినా నేను అనుమానిస్తున్నాను.

తప్పు నాది. ఈ మాట ఇంగ్లీషులో మేనేజరుకి చెప్పలేదు, తెలుగులో రమణకి చెప్పలేదు. చెప్తానని మీకు మాట ఇవ్వలేను. రాశాక మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అంతవరకే.