బానెట్ మీద చెయ్యి

నరసన్నపేటలో అద్దె కారు తిప్పే సింహాచలం రోజూ ఇంజిన్ స్టార్ట్ చేసి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. మెకానిక్ అయిన బావమరిది శివాజీ మైలేజీ పెరుగుతుందని, ఇంజిన్ ఇరుసైన క్రాంక్ చివరుండే బరువైన పుల్లీ తీసి తేలికది బిగించిన దగ్గర్నుంచీ ఆ చేతికి సన్నగా వణుకు తగిలేది. "నా బండికీ ఇదే ఏసినాను బావా, ఏటీ అవదు" అన్న శివాజీ మాట నమ్మాడు గానీ, తన చేతిని నమ్మలేదు. మొన్న క్రాంకే విరిగింది.

బండిని షెడ్డుకి లాక్కొచ్చేసరికి శివాజీ కారు స్టార్టింగులో ఉంది. సింహాచలం అలవాటుగా దాని బానెట్ మీద చెయ్యేశాడు. వణుకు లేదు. ఎత్తి చూస్తే, వణుకుని మింగే రబ్బరున్న బరువైన పాత పుల్లీయే తిరుగుతోంది.

"ఇదెప్పుడు మార్సినావురా?" అనడిగాడు.

"నాది వణికిందని అప్పుడే తీసీసినాను."

"మరి నాకు సెప్పనేదేటి?"

శివాజీ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నువ్వేటీ అననేదు గదా బావా."