ఐసు గ్లాసులో థర్మామీటరు

మొన్న మధ్యాహ్నం మా ఆఫీసు లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగింది. ఆగిందని గమనించింది నేనొక్కణ్ణే. నాతో ఉన్న పిల్లలు ఫోన్లలోంచి తలెత్తేలోపే అది మళ్ళీ కదిలింది. ఆ కాస్తలోనే నా చొక్కా తడిసిపోయింది. "ఏమైంది సార్?" అంది ఒకమ్మాయి. "ఏం లేదమ్మా, పాత చెమట" అన్నాను. నవ్వింది. నేనేం చెప్పినా కోతలే అనుకుంటారు వీళ్ళు. తప్పు వాళ్ళది కాదు. నేను చెప్పే కథలో చేప పడితే అది మొసలంత ఉంటుంది, కుక్క తరిమితే అది మర్నాటికి చిరుతపులి అవుతుంది. ఈ లిఫ్టు సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

తొంభైల చివర, మాదాపూర్ గుట్టల్ని పగలగొట్టి బిల్డింగులు లేపుతున్న రోజులు. డిగ్రీ కాగితం చేతపట్టుకుని, పనేమీ దొరక్క, లింగంపల్లిలో మా మేనమామ ఇంట్లో చేరాను. ఆయన రిటైరైన శాస్త్రవేత్త. వేడి ఆయన చదువు, వేడే ఆయన వ్యసనం. రాళ్ళూ చెట్లూ పోయి సిమెంటూ గాజూ వస్తే ఆ చోటు ఎంత వేడెక్కుతుందో కొలవాలని ఆయన పట్టుదల. ఇంటి మేడ మీద ఒకటి, మాదాపూర్‌లో కడుతున్న ఒక బిల్డింగు పైన ఒకటి, గాలాడే తెల్ల చెక్కపెట్టెలు పెట్టి, వాటిలో థర్మామీటర్లు వేలాడదీశాడు. ఇంటి పెట్టె ఆయన చూసుకునేవాడు. రోజూ మధ్యాహ్నం రెండింటికి మాదాపూర్ పెట్టె తెరిచి, చూసి రాసుకురావడం నా ఉద్యోగం. జీతం అత్తయ్య వంట.

మొదటి పదిహేను రోజులు బుద్ధిగా ఎక్కాను. తర్వాత ఎండలు ముదిరాయి. బస్సు దిగిన చోటే ఇరానీ హోటలు, అందులో ఫ్యాను, ఫ్యాను కింద ఖాళీ కుర్చీ. ఇక మెట్లెవడెక్కుతాడు? ఇంటికెళ్ళి మావయ్య పుస్తకంలో అంకె దొంగచాటుగా చూసి, దానికో రెండు డిగ్రీలు కలిపి, పైన ఒకటో రెండో పాయింట్లు పోపు పెట్టి రాసేవాణ్ణి. "చూశావురా, నేననలేదూ!" అని మావయ్య మురిసిపోయేవాడు. ఆయన మురిసిపోతే నాకేదో పుణ్యం చేసినట్టు ఉండేది.

ఆ బిల్డింగు ఓనరు కడప వైపు మనిషి. నాలుగు పక్కలా తెరవడానికి వీల్లేని గాజు బిగించొద్దు, కిటికీలు తెరుచుకునేట్టు పెట్టండి, పైన సజ్జాలు వేయండి అని మావయ్య మూడు నెలలు ఆయన చుట్టూ తిరిగాడు. చివరికాయన, "లెక్కలు తెచ్చి చూపీ సార్, చూసినాక మాట్లాడదాం" అన్నాడు. మర్నాడు గాజుకు ఆర్డరిస్తారనగా లెక్కలు చంకన పెట్టుకుని వెళ్ళాం. గోడలింకా పూర్తికాని బిల్డింగుకు లిఫ్టు మాత్రం ముందే వచ్చేసింది. ఎక్కాం. రెండో అంతస్తు దాటగానే కరెంటు పోయింది.

తలుపు సందులోంచి వాచ్‌మన్ గొంతు వినిపించింది. "సారూ, పరేషాన్ గాకుండ్రి! జనరేటర్ల డీజిల్ అయిపోయింది. మావోడు తేనీకి పోయిండు."

"ఎంతసేపవుతుందయ్యా?"

"గిప్పుడే పోయిండు సార్... సైకిల్ మీద."

లోపల ఇనప డబ్బా, చీకటి, ఇద్దరి ఊపిరి. మావయ్యకు మాత్రం పాఠం దొరికింది. జేబులోంచి చిన్న టార్చి తీసి వెలిగించాడు. "చూడరా, రేపు బిల్డింగంతా ఇంతే. తెరవడానికి కిటికీ ఉండదు. చల్లబడాలంటే కరెంటు, కరెంటుకు బొగ్గు, బొగ్గు కాలిస్తే లోకానికంతా వేడి, ఆ వేడికి మళ్ళీ ఏసీ. ఇందులోంచి బయటికి దారేదీ?" అంటూ, ఓనరుకు చూపించాల్సిన నా పుస్తకం తెరిచాడు. ఒకచోట టార్చి ఆగింది.

"ఒరేయ్, పోయిన సోమవారం పైకెక్కావా?"

"ఎక్కకేం మావయ్యా."

"పెట్టె తెరిచావా?"

అవునని ఊరుకోవలసింది. ఉత్త అవును నా నోట్లోంచి ఏనాడూ రాలేదు. "తెరిస్తే లోపల తొండ మావయ్యా, ఇంత పొడుగు! థర్మామీటర్ను కావలించుకుని వదల్లేదు. అదిలించి, తుడిచి మరీ చూశాను."

మావయ్య టార్చి ఆర్పేశాడు. "ఆదివారం నేనే దాన్ని ఇంటికి తెచ్చానురా, సరిగ్గా చూపిస్తోందో లేదో, ఐసులో సున్నాకి దిగుతోందో లేదో చూద్దామని. నీకు చెప్పడం మర్చిపోయాను. మంగళవారం సాయంత్రం దాకా అది మన వంటింట్లో ఐసు గ్లాసులో ఉంది." మళ్ళీ తనే, "మీ అత్తయ్యకి తొండ కనపడలేదు కాబోలు" అన్నాడు.

బయటైతే ఏదో పని గుర్తొచ్చి పారిపోయేవాణ్ణి. అక్కడ వెనక్కి జరిగితే గోడ, ముందుకు జరిగితే మావయ్య. ఇరానీ హోటలు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేశాను. చివర్న ఒక్క ఆశతో అన్నాను: "అయినా మావయ్యా, ఇక్కడ వేడెక్కువన్నది మీరు చెప్పిందేగా? నిజమే కదా? ఈ ఒక్కసారికి చూపించేద్దాం. కిటికీలైనా వస్తాయి."

"నిజమే కావచ్చురా. అది మనకింకా తెలియదు. నువ్వు ఎండను కొలవలేదు, నా ఆశను కొలిచి రెండు డిగ్రీలు కలిపావు." ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

లిఫ్టు కదిలింది. మావయ్య గడియారం చూసుకున్నాడు. "నలభై నిమిషాలు. ఎవరికైనా చెబితే గంటన్నర అని చెప్పకు."

పైన ఓనరు మర్యాదగా లేచి నిలబడ్డాడు. "ఏం సార్, లెక్కలు తెచ్చినారా?"

"లెక్కలు లేవండి. నమ్మదగ్గవి పదిహేను రోజులవే ఉన్నాయి, అవి చాలవు. ఇంకో వేసవి ఆగగలరా?" అన్నాడు మావయ్య. నా పేరెత్తలేదు.

"ఎట్లాగుతాం సార్? గాజోళ్ళు పొద్దున్నే వస్తాండారు" అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ.

గాజు బిగించారు. మర్నాటి నుంచి ఏడాదిపాటు నేను రోజూ ఎక్కాను. తేడా ఉంది. నేను కల్పించినంత ముచ్చటగా లేదు. కొన్ని రోజులు అసలే లేదు, కొన్ని రోజులు కోతలు కోయడానికి కూడా నాకు ధైర్యం చాలనంత ఉంది. ఆ పుస్తకం చూసి మావయ్య "చూశావురా" అనలేదు. ప్రతి పేజీ కింద సంతకం మాత్రం పెట్టాడు.

ఇప్పుడు నేను పనిచేస్తున్నది ఆ బిల్డింగులోనే. ఏసీలు ఆగకుండా చూసుకోవడం నా ఉద్యోగం. వేసవి మధ్యాహ్నాలు డాబా మీదికెళ్తే అవి ఊదే వేడికి నిలబడలేను. పెట్టె ఉన్న చోట ఇప్పుడొక యంత్రం రొద చేస్తుంటుంది. మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. నా కథల్లో మొసళ్ళు ఏటేటా పొడుగవుతూనే ఉన్నాయి. ఆ లిఫ్టులో గడిచిన కాలం మాత్రం నేనెన్నిసార్లు చెప్పినా, ఎవరికి చెప్పినా, నలభై నిమిషాలే.